మా వంకకు మట్టికట్ట వేసిన అనుభవం

కదిరి పట్టణానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, గుట్టల పాదాల నుంచి వాలుగా దిగే ఎర్రనేలల్లో మాకు 7 ఎకరాల మెట్ట పొలం ఉంది. పొలం తూర్పు గెట్టును ఒరుసుకుంటూ ఒక వంక పారుతుంది. అది మద్దిలేరులో, మద్దిలేరు చిత్రావతిలో, చిత్రావతి పెన్నలో కలుస్తాయి. నేను బడికి వెళ్లే రోజుల్లో ఆ వంకను ఒక్క గెంతుతో దాటేవాణ్ని. 2016 నాటికి అది 9 అడుగుల లోతు, 20 అడుగులకు పైగా వెడల్పు ఉన్న అగడ్తలా తయారయింది. ఆ ఏడాది ఒక పెద్దవాన వెలిసిన మరునాడు వెళ్లి చూస్తే, మా తాత నాటిన గెట్టురాయి సగం మట్టిలో, సగం గాలిలో నిలబడి ఉంది. రాయి కింది మట్టిని నీళ్లు కోసుకుపోయాయి. దాని అడుగుభాగానికి చుట్టుకున్న గరిక వేళ్లు బయటికి వేలాడుతున్నాయి. తర్వాతి వానకు ఆ రాయి వంకలో పడిపోయింది. దానితోపాటు మూడు సాళ్ల వేరుశనగ పోయింది. ఆ వంకకు అడ్డంగా ఏదైనా కట్టక తప్పదన్న మాట మా ఐదు కుటుంబాల మధ్య గట్టిగా వచ్చింది ఆ వారంలోనే.

మా ప్రాంతంలో ఏడాది మొత్తానికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. వాన తక్కువ కావడం ఒక కష్టమైతే, ఆ తక్కువ వాన కూడా కొద్ది గంటల్లో కుమ్మరించి పోవడం అంతకంటే పెద్ద కష్టం. ఎర్రనేల మీద మొదటి చినుకులు పడగానే పైపొర అట్టకట్టుకుపోతుంది. ఆ తర్వాత పడిన నీరు లోపలికి ఇంకే వీలు లేక పారడం మొదలుపెడుతుంది. గుట్ట మీద చెట్టూ పొదా ఉన్న కాలంలో ఆ నీటికి వేగం ఉండేది కాదు. ఇప్పుడు గుట్ట బోడిదైంది, కింద వేరుశనగ చేలు విత్తే నాటికి ఉత్త నేలగా ఉంటున్నాయి. వంక తల దగ్గర నీరు పైనుంచి కిందికి దూకే చోట అడుగు కోసుకుపోతుంది, పైన మిగిలిన అంచు విరిగి పడుతుంది. అలా వంక ప్రతి వానకూ వెనక్కి, అంటే ఎగువకు, పాకుతూ పోతుంది. మా నేలలో పంట పండే మట్టి అడుగున్నరకు మించదు, దాని కింద అంతా గరుసే. కాబట్టి ఒక్క అడుగు మట్టి పోయిందంటే ఆ చెక్క మా జన్మలో మళ్లీ పండదు.

గ్రామసభలో పని పెట్టించడం అంత కష్టం కాలేదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మా ఉమ్మడి అనంతపురం జిల్లాలోని బండ్లపల్లిలోనే మొదలైంది కాబట్టి, కుంటలు, కందకాలు, కట్టల పనులు మా పల్లెలకు కొత్తవి కావు. కూలి ఖర్చు పథకం నుంచి, రాయి, ట్రాక్టరు, నీళ్ల ట్యాంకరు ఖర్చులో లోటు పడినంత మేరకు మా ఐదు కుటుంబాల నుంచి అన్నది ఏర్పాటు. కొలతలు తీసి అంచనా వేయడానికి సాంకేతిక సహాయకుడు వచ్చినప్పుడు ఆయన వెంట తిరిగిన నాలుగు రోజులూ నాకు బడి లాంటివి. అయితే మేము అడిగింది కట్ట. ఆయన ముందుగా చూపించింది గుట్ట. పైన నీటిని ఆపకుండా కింద కట్ట వేస్తే రెండు వానాకాలాల్లో అది ఇసుకతో, ఒండ్రుతో నిండిపోతుందని ఆయన చెప్పినప్పుడు మాలో కొందరికి అది పనిని వాయిదా వేసే మాటగా తోచింది. ఇన్నేళ్ల తర్వాత ఆలోచిస్తే, మొత్తం పనిలో మాకు దక్కిన అతి విలువైన సలహా అదే.

అందువల్ల 2017 జనవరి, ఫిబ్రవరి నెలలు ఎగువ పనికే సరిపోయాయి. గుట్ట వాలు మీద సమమట్టపు గీతల వెంబడి కందకాలు తవ్వి, తవ్విన మట్టిని దిగువ వైపు గట్టుగా వేశాం. వంక పొడవునా 11 చోట్ల రాళ్లతో చిన్న అడ్డుకట్టలు పేర్చాం. ఆ అడ్డుకట్టల మధ్య దూరానికి ఒక తేలిక లెక్క ఉంది: కింది అడ్డుకట్ట తల, పై అడ్డుకట్ట పాదం ఒకే మట్టంలో ఉండాలి. అప్పుడు రెండింటి మధ్యా నీరు దూకే చోటు ఉండదు, వాటి వెనుక నిలిచిన ఒండ్రు మెట్లు మెట్లుగా సమమవుతుంది. మట్టం చూడడానికి మేము వాడింది 15 మీటర్ల పారదర్శకపు ప్లాస్టిక్ గొట్టం, అందులో రంగు కలిపిన నీళ్లు. రాళ్ల నడుమ భాగాన్ని పక్కలకంటే ఒక జానెడు తగ్గించి పేర్చాలి. లేకపోతే నీరు పక్కలకు తిరిగి ఒడ్డును కోస్తుంది. మొదట పేర్చిన రెండింటిలో మేము ఆ జాగ్రత్త తీసుకోలేదు, వాటిని విప్పి మళ్లీ కట్టవలసి వచ్చింది.

కట్టకు చోటు వెతకడంలో మా చిన్నాయన చూపిన చోటే చివరికి ఖాయమైంది. రెండు ఒడ్లూ దగ్గరికి వచ్చి, ఎగువన వంక కాస్త విశాలంగా పరుచుకునే చోటు అది; తక్కువ కట్టతో ఎక్కువ నీరు నిలుస్తుంది. కొలతలు ఇలా వచ్చాయి: కట్ట పొడవు 62 మీటర్లు, వంక నడుమ ఎత్తు 3.2 మీటర్లు, తల వెడల్పు 2 మీటర్లు. నీళ్ల వైపు వాలు నిలువు ఒకటికి అడ్డం రెండున్నర, వెలుపలి వైపు ఒకటికి రెండు. ఈ లెక్కన వంక నడుమ కట్ట అడుగు వెడల్పు 16 మీటర్లు దాటుతుంది. మూడు మీటర్ల ఎత్తుకు అంత వెడల్పు ఎందుకని చాలామంది అడిగారు. నీరు నిలిచినప్పుడు నానిన మట్టి తన బరువుకు తానే జారకుండా ఉండాలన్నా, ఊరిన నీరు కట్ట లోపల మెల్లగా కిందికి దిగి వెలుపలి వాలు మీద పైకి తేలకుండా ఉండాలన్నా ఆ వాలు కావాలి. నిటారుగా వేసిన కట్ట చూపుకు గట్టిగా కనిపిస్తుంది, మొదటి నిండుకే బీటలిస్తుంది.

నీటి లెక్క కూడా చెప్పుకోవాలి. మా కట్టకు నీళ్లిచ్చే పరీవాహకం దాదాపు 40 హెక్టార్లు, అంటే 100 ఎకరాలు. ఒక హెక్టారు మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే 10 ఘనపు మీటర్ల నీరు. 30 మిల్లీమీటర్ల వాన ఒక సాయంత్రం పడితే 12,000 ఘనపు మీటర్లు. అందులో ఐదో వంతు పారి వచ్చినా 2,400. కట్ట వెనుక ఏర్పడే మా కుంట మరువ (మిగులు నీరు పొర్లిపోయే దారి) మట్టానికి నిండితే పట్టేది సరిగ్గా అంతే, 24 లక్షల లీటర్లు. ఒక్క మంచి వానకు నిండే కుంటకు అసలు ప్రమాదం రెండో వానతో వస్తుంది. నిండిన తర్వాత వచ్చే నీరు ఎటు పోవాలన్నది కట్ట వేయకముందే తేల్చుకోవాలి. నీరు మట్టికట్ట తల మీదుగా పొర్లితే అది నిలవడం దాదాపు అసాధ్యం. వెలుపలి వాలును కోసుకుంటూ గంటల్లో గండి కొడుతుంది.

మరువ వెడల్పు మీద మాలో మాకు పెద్ద వాదమే జరిగింది. రాయి ఖర్చు తగ్గుతుందని మూడు మీటర్లు చాలునన్నవాళ్లు ఉన్నారు. సాంకేతిక సహాయకుడు, పరీవాహక విస్తీర్ణాన్ని బట్టి వరదను అంచనా వేసే రైవ్స్ సూత్రం ప్రకారం లెక్కవేసి, గుట్టల పక్క నేలకు వాడే గుణకంతో, సెకనుకు 5.4 ఘనపు మీటర్ల వరద రావచ్చని చెప్పారు. మరువ మీద నీరు 60 సెంటీమీటర్ల మందంతో పారితే ప్రతి మీటరు వెడల్పు నుంచీ సెకనుకు ఇంచుమించు 0.8 ఘనపు మీటరు పోతుంది. అంటే కనీసం 7 మీటర్లు కావాలి. చివరికి 8 మీటర్లకు ఒప్పుకున్నాం. మరువను కట్ట మధ్యలో పెట్టకుండా కుడి ఒడ్డున, తవ్వితే గట్టి గరుసు తగిలే చోట పెట్టాం. నీరు దిగే దారి పొడవునా రాయి పరిచి, కట్ట పాదానికి దూరంగా వంకలో కలిపాం. కట్ట తల మరువ మట్టానికి 1.2 మీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి, లెక్కవేసినంత వరద వచ్చినా ఇంకా 60 సెంటీమీటర్ల ఖాళీ మిగిలేలా చూసుకున్నాం.

ఈ దశలో దిగువ నుంచి ఒక అభ్యంతరం వచ్చింది. మా వంక నీళ్లలో కొంత కింది పల్లె చెరువుకు చేరుతుంది. ఆ చెరువు ఆయకట్టు పెద్దలు నలుగురు వచ్చి, పైన ప్రతి ఒక్కరూ కుంట కట్టుకుంటే చెరువు గతి ఏమిటని అడిగారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. రాయలసీమలో గొలుసుకట్టు చెరువులు ఎండిపోవడానికి ఉన్న కారణాల్లో ఎగువన అడ్డూ అదుపూ లేకుండా నీటిని ఆపడం ఒకటి. మరువ మట్టాన్ని ఎప్పటికీ పెంచబోమని, మరువకు అడ్డంగా ఇసుక బస్తాలు కూడా పెట్టబోమని గ్రామసభలో రాసిచ్చిన తర్వాతే వారు సమ్మతించారు. మరువ గోడ మీద ఆ మట్టాన్ని సిమెంటులో గీత గీసి ఉంచాం. కట్ట కట్టే ప్రతి ఊరూ దిగువ ఊరితో ఈ మాట ముందే మాట్లాడుకోవాలని నా గట్టి అభిప్రాయం.

మార్చి మొదటి వారంలో కట్ట పని మొదలైంది. కట్ట పడే చోట గడ్డి, వేళ్లు, పైమట్టి అంతా ఒక అడుగు లోతు గీకి తీసేశాం. ఆ పైమట్టిని పారేయకుండా పక్కన కుప్ప పోసి, చివర్లో వెలుపలి వాలు మీద గరిక నాటడానికి వాడుకున్నాం. తర్వాత కట్ట పొడవునా, మధ్య గీత వెంబడి కీట్రెంచి తవ్వాం. దీన్ని మావాళ్లు కట్టకు వేరు అంటారు. ఒకటిన్నర మీటరు వెడల్పున, గరుసు దాటి గట్టి నేల తగిలేదాకా తవ్వి, దాన్ని బంకమట్టితో నింపాలి. ఊటకుంట కదా, నీళ్లు ఇంకడమే కదా కావలసింది, మరి ఈ అడ్డు ఎందుకని ఒక కుర్రవాడు అడిగాడు. మంచి ప్రశ్న. కుంట అడుగు నుంచి నీరు నేలలోకి దిగాలి. కట్ట కింద నుంచి మాత్రం పారకూడదు. కట్ట కింద పారే నీరు మట్టి రేణువులను ఒక్కొక్కటిగా మోసుకుపోయి, లోపల కన్ను పొడిచి, చివరికి బుంగ పెడుతుంది.

కట్ట గర్భంలో వేయడానికి మట్టి వెతకడం ఒక పెద్ద పని. మా ఎర్రమట్టిలో ఇసుక పాలు ఎక్కువ, నీరు ఆగదు. పాత కుంట అడుగున ఉన్న నల్లటి పూడిక మట్టిని తెచ్చి పరీక్షించాం. తడిపి, పిసికి, అరచేతుల మధ్య తాడులా పేనితే, చిటికెన వేలంత సన్నగా అయ్యాక కూడా తెగకుండా ఉంటే అందులో బంక చాలినంత ఉన్నట్టు. గాజు సీసాలో పిడికెడు మట్టి, నీళ్లు పోసి కలిపి ఒక రాత్రి ఉంచితే అడుగున ఇసుక, దాని మీద ఒండ్రు, పైన బంక విడివిడి పొరలుగా పేరుకుంటాయి; ఏది ఎంతో కంటికే తెలుస్తుంది. మూడో పరీక్ష చౌడు కోసం. ఎండిన చిన్న గడ్డను కదలని మంచినీళ్ల గ్లాసులో మెల్లగా వదిలి పది నిమిషాలు చూడాలి. గడ్డ విడిపోయినా ఫరవాలేదు. దాని చుట్టూ నీరు పాలలా తెల్లబారితే ఆ మట్టి కట్టకు పనికిరాదు, అది నీటిలో కరిగి పోయే రకం. మేము మూడు చోట్ల నుంచి తెచ్చిన మట్టిలో ఒకటి అలా గ్లాసంతా మబ్బు పట్టించింది. అది మాకు అన్నిటికంటే దగ్గరలో, ఖర్చు లేకుండా దొరికే మట్టి. అయినా వదిలేశాం.

గర్భంలో ఈ నల్లమట్టి, రెండు పక్కలా గరుసు కలిసిన ఎర్రమట్టి. మట్టిని ఒకేసారి కుప్పలుగా పోసి పైన చదును చేస్తే పని త్వరగా అయిపోతుంది, కొలతలో కూడా తేడా కనిపించదు. కానీ లోపల వదులుగా ఉండిపోయిన ఆ మట్టి మొదటిసారి నానినప్పుడు కుంగి, అడ్డంగా బీటలు ఇస్తుంది. ఒక్కో పొర తొమ్మిది అంగుళాలకు మించకుండా పరిచి, గడ్డలు చితగ్గొట్టి, నీళ్లు చల్లి, దిమ్మిసలతో కొట్టి, అది ఆరు అంగుళాలకు దిగాకే పై పొర వేయాలి. పై పొర వేసే ముందు కింది పొరను గీకి గరుకు చేసి తడపాలి, లేకపోతే రెండూ అతుక్కోవు. తడి ఎంత ఉండాలో చిన్నాయన మాకు చేతితో నేర్పించారు: గుప్పిట్లో పట్టి నొక్కితే ముద్ద కావాలి, అరచేతికి తడి అంటకూడదు, మోకాలి ఎత్తు నుంచి జారవిడిస్తే రెండు మూడు ముక్కలు కావాలి, పొడి కాకూడదు. మార్చి, ఏప్రిల్ ఎండలో ఆ తడి గంటసేపు కూడా నిలిచేది కాదు. అందుకే తెల్లవారుజామున 5 గంటలకు మొదలుపెట్టి 10 గంటలకు ఆపేవాళ్లం. సాయంత్రం చిన్నాయన తన గొర్రెల మందను ఇంటికి తోలుకుపోతూ కట్ట మీదుగా అటూ ఇటూ రెండు మూడుసార్లు నడిపించేవారు. గొర్రె డెక్క చిన్నది, దాని మీద పడే బరువు లోతుకు దిగుతుంది. మరునాడు చూస్తే పొర నిండా దగ్గర దగ్గరగా డెక్కల గుంటలు, వాటి మధ్య మట్టి రాయిలా ఉండేది. పెద్ద ఆనకట్టల దగ్గర వాడే రోలర్లకు గొర్రె పాదాల పేరే ఎందుకు పెట్టారో నాకు అప్పుడు బోధపడింది.

మే చివరికి దాదాపు 700 ఘనపు మీటర్ల మట్టితో కట్ట పూర్తయింది. కుంగుబాటు కోసం నడుమ ఒక జానెడు ఎత్తు ఎక్కువ వేశాం. నీళ్ల వైపు వాలును అలలు కోయకుండా రాళ్ల రివిట్‌మెంటు పరిచాం. వెలుపలి పాదం వద్ద ఇసుక, కంకర, రాయి వరుసగా వేసి వడపోత కట్టాం. గరిక నాటాం.

ఒక్క చోట మాత్రం పనిని సగంలో వదిలేశాం. ఎడమ ఒడ్డున కీట్రెంచిని ఇంకా లోపలికి తీసుకుపోవలసిన చోట, ఎప్పుడో కొట్టేసిన ఒక వేపచెట్టు మోడు ఉంది. అది రెండు కుటుంబాల గెట్టు మీద ఉండడంతో, దాన్ని పెకలిస్తే గెట్టు జరిగిందన్న మాట వస్తుందని ఎవరూ చేయి పెట్టలేదు. ట్రెంచిని మోడుకు ముందే ఆపేసి, పైన మట్టి బాగా దట్టిస్తే సరిపోతుందని మాకు మేము నచ్చజెప్పుకున్నాం. ఆ రోజు అక్కడ నేనూ ఉన్నాను, నేనూ సరేనన్నాను.

2017 అక్టోబరులో ఒక రాత్రి కుంట మొదటిసారి మరువ దాకా నిండింది. ఆ నీటిని చూడడానికి దీపాలు పట్టుకుని ఊరంతా వచ్చింది. చిన్నాయన నీళ్ల వైపు చూడలేదు. టార్చి తీసుకుని వెలుపలి పాదం వెంబడి నడుస్తూ పోయారు. ఎడమ ఒడ్డు దగ్గర ఆగి నన్ను పిలిచారు. బొటనవేలు లావున నీరు ఊరుతోంది. "నాయనా, తేటగా వస్తాండాయా, మడ్డిగా వస్తాండాయా, ఒక చెంబులో పట్టి చూడు" అన్నారు. పట్టి పక్కన పెట్టాం. పావుగంట తర్వాత పైనీరు మెల్లగా వంచేస్తే చెంబు అడుగున వేలితో తీయగలిగినంత ఎర్రటి మట్టి పేరుకుని ఉంది. తేటనీరు ఊరితే కట్ట చెమర్చినట్టు, దానితో భయం లేదు. మట్టి వస్తోందంటే లోపల కట్ట కరుగుతోందని అర్థం.

కొందరు పరుగున బంకమట్టి తెచ్చి ఆ రంధ్రాన్ని బయటి నుంచి మూయబోయారు. చిన్నాయన వారిని ఆపారు. బయట మూస్తే నీరు లోపలే ఒత్తిడి పెంచుకుని మరో చోట, ఇంకా పెద్దగా, బయటపడుతుంది. నీటిని రానివ్వాలి, మట్టిని మాత్రం రానివ్వకూడదు. ఊట మీద ముందు ఇసుక, దాని మీద కంకర, ఆ పైన బరువుకు రాళ్లు వేశాం. ఇంకో పక్క రెండు ఆయిల్ ఇంజన్లు తెచ్చి కుంట నీటిని దిగువ కంది చేలల్లోకి తోడడం మొదలుపెట్టాం. తెల్లవారాక ఒకతను వేరుశనగ పొట్టు గంపెడు తెచ్చి ఎడమ ఒడ్డు దగ్గర నీటి మీద చల్లాడు. పొట్టు కాసేపు అటూ ఇటూ తేలి, తర్వాత మెల్లగా ఒక చోటికి చేరి, అరచేయి వెడల్పున గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. సరిగ్గా ఆ సుడి మీద టార్పాలిన్ పరిచి, ఇసుక బస్తాలతో అదిమి, అంచుల్లో బంకమట్టి ముద్దలు వేశాం. మధ్యాహ్నం ఒంటిగంటకు నీటి మట్టం రెండు అడుగులు తగ్గింది. చెంబులో పట్టిన నీరు తేటగా ఉంది. అప్పటికి పదిహేను గంటలుగా ఆ కట్ట మీద నుంచి ఎవరూ ఇంటికి పోలేదు.

2018 వేసవిలో ఆ చోటు విప్పి చూశాం. వేప వేరు ఒకటి పూర్తిగా కుళ్లి, బెరడు మాత్రం గొట్టంలా మిగిలి, కీట్రెంచి ఆగిన చోటు నుంచి ఒడ్డు లోపలికి, అక్కడి నుంచి వెలుపలికి పోయి ఉంది; లోపల నా చేయి మణికట్టు దాకా దూరింది. మోడుతో సహా అన్నీ పెకలించి, ట్రెంచిని ఒడ్డులోకి మరో మూడు మీటర్లు పొడిగించి, మళ్లీ పొరలు పొరలుగా దట్టించాం. గెట్టు గురించి ఆ రెండు కుటుంబాల వారూ ఒక్క మాట అనలేదు. ముందే నోరు తెరిచి అడిగి ఉంటే అప్పుడూ అనేవారు కారు.

చాలా రోజుల తర్వాత, కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం గురించి చదివాను. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు 1369లో వేయించిన ఆ శాసనంలో చెరువుకు ఉండవలసిన 12 అంగాలతో పాటు, ఉండకూడని 6 దోషాలను కూడా చెప్పారు. అందులో మొదటిది కట్ట నుంచి నీరు ఊరడం. రెండోది చౌడు నేల. మూడోది రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం. మేము చౌడు దోషాన్ని గ్లాసు నీళ్లతో తప్పించుకుని, మిగిలిన రెండింటినీ ఒకే వేపమోడు దగ్గర మూటగట్టుకున్నాం. దాదాపు ఆరున్నర శతాబ్దాల కిందట మన పక్క జిల్లాలో రాయి మీద చెక్కి పెట్టిన ఈ జ్ఞానం పంచాయతీ కార్యాలయం గోడ మీద ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

వంక తల ఎగువకు పాకడం ఆగిపోయింది. అడ్డుకట్టల వెనుక ఒండ్రు నిండి, కొన్ని చోట్ల గడ్డి మొలిచింది. మా దిగువన ఉన్న బోరు అంతకుముందు మార్చిలోనే గాలి తిప్పేది. మరమ్మతు తర్వాతి రెండేళ్లలో మే మొదటి వారం దాకా రోజుకు గంటన్నర నీళ్లిచ్చింది. దాన్నంతా కుంట ఘనతగా చెప్పలేను. వాన బాగా లేని ఏడాది కుంట ఒక్కసారే సగం నిండింది, ఆ ఏడు బోరు ఫిబ్రవరిలోనే తగ్గింది. కుంట వానను పుట్టించదు, కురిసిన దాన్ని కొన్ని వారాలు ఎక్కువ నిలుపుతుంది. దాన్ని చూసుకుని చెరుకో వరో పెట్టాలనుకుంటే ఆ నీళ్లు ఒక్క మడికి కూడా చాలవు; కందికి, వేరుశనగకు, ఎండు తగిలినప్పుడు ఒక తడి ఇవ్వడానికి చాలు.

కట్టకు ప్రతి ఏడాదీ పని ఉంటుంది. సర్కారు తుమ్మ మొక్క కట్ట మీద మోకాలెత్తు పెరగకముందే వేరుతో పీకేయాలి. వేప వేరు మాకు నేర్పిన పాఠం అది. పందికొక్కులు, ఎండ్రకాయలు పెట్టిన బొక్కలు వెతికి, లోపలికంటా తవ్వి, తడిమట్టితో కూరాలి, పైపైన మూస్తే చాలదు. తల మీద పశువుల దారి పడిన చోట గాడిగా దిగుతుంది, వాన నీరు ఆ గాడి వెంట పారి వాలును కోస్తుంది. ఏటా విత్తనాల ముందు అక్కడ మట్టి వేసి దిమ్మిస కొడుతున్నాం. ఆగస్టు ఆఖరులో ఐదు కుటుంబాల నుంచి ఒక్కొక్కరం కలిసి కట్ట ఈ చివర నుంచి ఆ చివరకు రెండు వైపులా నడిచి చూస్తాం. మొదటి నిండు రాత్రి చెంబు పట్టుకుని పాదం వెంబడి తిరగడం ఇప్పుడు నా వంతు. చిన్నాయనకు చూపు తగ్గింది.

కుంట నడుమ అంగుళాల గీతలతో ఒక రాతి కూసం పాతి ఉంచాం. ఈ వేసవిలో నీళ్లు ఇంకిపోయాక చూస్తే ఒండ్రు 14వ గీత దగ్గర ఉంది. వచ్చే మాఘమాసంలో దాన్ని తవ్వి ఎవరి చేలోకి వారు ట్రాక్టర్లతో తోలుకోవాలని నిర్ణయించుకున్నాం. కట్ట లోపలి పాదానికి మూడు మీటర్ల ఇవతలే తవ్వకం ఆపాలని, గర్భం మట్టి జోలికి ఎవరూ పోకూడదని సున్నపు గీత గీసి వచ్చాం.